ఒక్కతే ఉంటే నేరం కాదు

ఫిబ్రవరి 6

ఆడపడుచుకి వదిన రాసేది,

ఏళ్ళ తరబడి నాలో నానుతున్న ప్రశ్న ఒకటుంది. నువ్వు ఆ ఊరెళ్ళి అక్కడే ఉండిపోయిన దగ్గర్నుంచీ ప్రతి ఉత్తరం చివరా అది రాద్దామనుకోవడం, రాయలేక "ఆరోగ్యం జాగ్రత్త" అని ముగించేయడం. ఈసారి మొదట్లోనే అడిగేస్తున్నాను, లేకపోతే మళ్ళీ జారిపోతుంది. నువ్వక్కడ నిజంగా ఏం పని చేస్తున్నావు?

కుట్టుపని అంటావు. నేను మీ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నువ్వు తొమ్మిదో తరగతి. గుండీ ఊడితే చొక్కా తెచ్చి నా ఒళ్ళో పడేసి పోయేదానివి. అలాంటి పిల్ల ఊరుగాని ఊళ్ళో కుట్టుపని మీద బతుకుతోందంటే నమ్మాలనే ఉంటుంది, కానీ నమ్మకం ఓ పట్టాన కూర్చోదు.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే రెండు కారణాలు. మొదటిది పెద్దది, అయినా అసలుది కాదు. ఒళ్ళు అమ్ముకునే వాళ్ళ విషయంలో మన చట్టం మార్చాలా, మారిస్తే ఎలా మార్చాలి అని ప్రభుత్వం ఒక సంఘం వేసింది. లా కాలేజీలో పాఠాలు చెప్పుకునే నన్ను కూడా అందులో వేశారు. సంఘంలో ఒకాయన దాన్ని వ్యభిచారం అంటాడు, ఒకావిడ లైంగిక శ్రమ అంటుంది, నేను "ఆ పని" అని తప్పించుకుంటాను. మిగతా దేశాలు ఏం చేస్తున్నాయో చూసి చెప్పడం నా వంతు. నా గది గోడకి ప్రపంచ పటం తగిలించి రంగు పెన్సిళ్ళతో నింపుతున్నాను. అమ్మినా కొన్నా జైలే అనే దేశాలకి ఎరుపు. లైసెన్సులిచ్చి పన్ను కట్టించుకునే వాటికి ఆకుపచ్చ. అమ్మే మనిషిని వదిలేసి కొనేవాణ్ణి పట్టుకునే వాటికి నీలం. అసలు నేరాల పుస్తకంలోంచే తీసేసి మిగతా పనుల్లో కలిపేసిన వాటికి పసుపు, అవి వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పని నేరం కాదు గానీ దాని చుట్టూ ఉన్నదంతా నేరమే అనే వాటికి ఊదా. నువ్వున్నది ఊదాలో.

మీ అన్నయ్య టీ గ్లాసుతో లోపలికొచ్చి పటం ముందు నిలబడి, మా చెల్లి ఉన్నచోటికి వంకాయ రంగెందుకు వేశావని అడిగారు. జనాభా అని చెప్పాను. నా నోటికి అంత తొందరగా అబద్ధం వస్తుందని నాకే తెలీదు.

రెండో కారణం మీ మేనత్త కొడుకు, లెక్కలు చెప్పే బావ. ఏదో మీటింగుకి మీ ఊరొచ్చాడట. ఇక్కడికి తిరిగొచ్చాక నీకోసం కొన్న పొట్లం అలాగే తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీ వీధి దాకా వచ్చి, ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడట. మీ తలుపు తీసుకుని ఒకడు కోటు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడట. కాసేపటికి ఇంకొకడు వీధికి అటూ ఇటూ చూసుకుని లోపలికెళ్ళాడట. బావ బెల్లు కొట్టకుండా తిరిగొచ్చేశాడు. మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పొద్దని నేనూ అనలేదు. బావ తనంతట తనే చెప్పకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

కోప్పడకు. రాయి. కాలేజీ చిరునామాకే పంపు, ఇంటికి వద్దు. ఫోనులో అయితే మీ అన్నయ్య పక్కనే ఉంటారు.

నీ చొక్కా గుండీలు కుట్టిన
వదిన


ఫిబ్రవరి 24

వదినగారికి,

"గారు" ఎందుకు తగిలించానో నీకు తెలుసు.

అయితే బావ వీధికి అవతల నిలబడి నన్ను కాపలా కాశాడన్నమాట. ఇంత దూరం వచ్చినవాడికి ఆ రోడ్డు దాటడానికి ఏం అడ్డొచ్చిందో అడగకపోయావా? నేను కోట్లు సరిచేస్తాను వదినా. జిప్పులు మారుస్తాను, అంచులు మడుస్తాను, లావైన వాళ్ళకి వదులు చేస్తాను. ఒకడు కోటు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడంటే, లోపల కోటు బాగుచేయించుకుని తొడుక్కుని వస్తున్నాడని ఆ లెక్కల బుర్రకి తట్టలేదా? నీ బుర్రకి కూడా తట్టలేదు, అది నాకు ఇంకా బాగుంది.

నాకు గుండీ కుట్టడం రాదని రాశావు. పెళ్ళైన కొత్తలో నీకు పాలు కాయడం రాదు. రోజూ పొంగబెట్టేదానివి, అమ్మ చూడకముందే పొయ్యి తుడిచింది నేను. మనుషులు నేర్చుకుంటారు.

అడిగావు కాబట్టి చెబుతున్నా, మేడమీద గదిలో ఒకావిడ ఉంటుంది. ఆవిడకీ మనుషులొస్తారు, నాకూ వస్తారు. వీధి తలుపు ఒకటే. ఆవిడ ఏం చేస్తుందని అడుగుతావేమో. అడగకు.

ఇప్పుడు నేనడుగుతాను. ఇన్నాళ్ళూ లేనిది నీ సంఘం వచ్చాక నా పని మీద ఆరా ఎందుకొచ్చింది? నా ఉత్తరాలు ఎవరి ముందైనా చదువుతున్నావా? నీ పటం మీద నన్నొక చుక్కగా పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పు, వాతావరణం గురించి రాస్తాను. ఆగస్టులో ఇక్కడ ఉండడానికి నా అనుమతి తిరగరాయించుకోవాలి. ఈసారి వస్తే శాశ్వతం. రాకపోతే పెట్టె సర్దుకుని రావడమే. ఈలోపు నా పేరు ఏ కాగితంలోనూ కనబడకూడదు, మంచికైనా సరే.

ఈ నెల పని బొత్తిగా లేదు. చలికి జనం ఒంటి మీద కోటు విప్పితే గదా నాకివ్వడానికి. అయినా సాయంత్రాలు తీరికుండదు, దీపాలు పెట్టే వేళ నుంచీ మిషను మీదే ఉంటాను. అందుకే ఉత్తరం ఆలస్యం.

అన్నయ్యకి నా మాటగా ఏమీ చెప్పకు.

ఇట్లు,
దర్జీ


మార్చి 10

దర్జీగారికి,

నీ కోపం నాకు కొత్త కాదు, కాబట్టి పక్కన పెడుతున్నాను. నీ ఉత్తరం ఎవరి ముందూ చదవలేదు, చదవను. ఎవరి ముందైనా చదివితే నా చదువు మీద నాకే అసహ్యం వేస్తుంది.

కానీ నీ కవరు వచ్చినప్పుడు మూత ఒకసారి విప్పి మళ్ళీ అతికించినట్టుంది. జిగురు చారలు రెండున్నాయి. కాలేజీకి వచ్చింది గనక మీ అన్నయ్య విప్పే వీల్లేదు. మా ఆఫీసు గుమాస్తా మీద అనుమానంగా ఉంది. వారం నుంచి అతని మొహంలోకి చూసి మాట్లాడలేకపోతున్నాను. పాపం, అతనేం చేశాడో ఏం చేయలేదో.

ఇంకో మాట. జవాబుపత్రాలు దిద్దే అలవాటు వల్ల కంటికి ఆనింది. ఈ నెల పని లేదంటావు. సాయంత్రమంతా మిషను మీదే ఉన్నానంటావు. పని లేకుండా ఏం కుడుతున్నావు?

పాఠం చెప్పినట్టు చెబుతాను, ఓర్చుకో. మీ దేశపు చట్టం ఈ వారమే చదివాను. అక్కడ ఆడమనిషి ఒక్కతే గదిలో ఉండి ఆ పని చేసుకుంటే నేరం కాదు. అదే చిరునామాలో రెండో మనిషి ఉండి ఆ పనికి ఏ రకంగా తోడ్పడినా అది వ్యభిచార గృహం. ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు దాన్ని నడిపినట్టు లెక్క. పరాయి దేశం మనిషైతే ముందు శిక్ష, తర్వాత ఇంటిదారి. కాబట్టి రెండే ప్రశ్నలు. ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? రెండోది ప్రశ్న కూడా కాదు, పైన ఉన్నది నువ్వు కాదని ఒక్క మాట రాయి, చాలు. ఇంకెప్పుడూ అడగను.

ఆ మాట కోసం ఎదురుచూసే
వదిన


మార్చి 29

వదినా,

ముందు మీ గుమాస్తా మొహంలోకి చూసి నవ్వు. కవరు విప్పి అతికించింది నేనే. అన్నయ్యకి చెప్పొద్దన్న వాక్యం తర్వాత గుర్తొచ్చింది.

ఇల్లు నా పేరు మీద ఉంది.

పైనావిడ నాకంటే చాలా పెద్దది. ఒకప్పుడు బడిపిల్లల వ్యాను నడిపేది, ఇప్పటికీ ఎవరైనా మెట్ల మీద తోసుకుంటే వరసలో రండి అని అరుస్తుంది. పేపర్లో రాశిఫలాలు చదివి, తనది బాగాలేకపోతే నాది తీసుకుంటుంది. ఇల్లు వెతికేటప్పుడు వృత్తి ఏమిటని అడిగిన ప్రతిచోటా నిజం చెప్పిందట. ఎవరిస్తారు? నా గది మీది గది ఖాళీగా ఉంటే నేనే ఇల్లు మొత్తం నా పేరున అద్దెకి తీసుకున్నాను. తెలిసే తీసుకున్నాను, అమాయకురాలినని రాయడం లేదు.

అంతకుముందు ఆవిడా ఇంకొకావిడా పక్కపక్క గదుల్లో ఉండేవారట. ఒకరికి ఎవరైనా వస్తే రెండో ఆవిడ గోడకి చెవి పెట్టి కూర్చునేది. పోలీసులు వచ్చి ఇద్దర్నీ పట్టుకున్నారు. ఈవిడ ఆవిడ చేత వ్యాపారం చేయిస్తోందని ఈవిడ మీద, ఆవిడ ఈవిడ చేత చేయిస్తోందని ఆవిడ మీద. ఒకరికొకరు యజమానులట. ఇది చెప్పి పడీపడీ నవ్వుతుంది. ఆ తర్వాత నుంచి చట్టం చెప్పినట్టే ఒక్కతే ఉంటోంది.

పని లేకుండా ఏం కుడుతున్నావని పట్టేశావు. చెబుతాను.

మొదటి శీతాకాలంలో ఒక సాయంత్రం మిషను ఆపి టీ పెట్టుకుంటున్నాను. పైన ఎవడిదో గొంతు పెరిగింది. నాకు చేతులాడక, ఏం చేయాలో తెలీక, వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టాను. నాది పాత కాలి మిషను, నేల అదురుతుంది. పై గొంతు టక్కున ఆగిపోయింది. వాడు వెళ్ళాక ఆవిడ కిందికొచ్చి, నువ్వు కుడుతుంటే వాళ్ళకి ఇంట్లో ఇంకెవరో ఉన్నారని గుర్తుంటుంది, మర్యాదగా ఉంటారు, కాస్త ఎక్కువ కుట్టకూడదూ అని అడిగింది. అంతే. ఆవిడ బెల్లు మోగితే నేను మిషను మీద కూర్చుంటాను. పని ఉంటే పని, లేకపోతే పాత గుడ్డ ముక్కల మీద కుట్టిన చోటే మళ్ళీ కుడతాను. సంచి నిండా ఏమీ కాని కుట్లు ఉన్నాయి. బావ ఒక్క నిమిషం చెవి పెట్టి ఉంటే ఆ చప్పుడు వినేవాడు.

ఒక్కసారే మెట్లెక్కాను. బూడిదరంగు టోపీ వాడొకడున్నాడు. ఆవిడ కాలితో నేల మీద కొట్టింది. అది పిలుపని ఎప్పుడూ అనుకోలేదు, అయినా అర్థమైంది. చేతిలో ఉన్న పెద్ద కత్తెరతోనే వెళ్ళాను. వాడు ఆవిడ జుట్టు వదిలేసి నన్ను దాటుకుని దిగుతూ, ఈ దర్జీది లేనప్పుడు వస్తాను అన్నాడు. మళ్ళీ రాలేదు.

నువ్వడిగిన ఆ ఒక్క మాట మాత్రం రాయను. రాస్తే నమ్ముతావా, చెప్పు. నువ్వు నమ్మినా నాకు కుదరదు. ఆవిడ కింద కూర్చుని నాతో టీ తాగుతుంటే, పైన ఉన్నది నేను కాదు, కంగారు పడకు అని నేను నీకు రాసుకోవాలి. ఆవిడ ముందు పైకి చదవలేని మాట కాగితం మీద ఎందుకు పెట్టాలి?

నీ
ఆడపడుచు


ఏప్రిల్ 9

అమ్మడూ,

నీ ఉత్తరం కాలేజీ లైబ్రరీలో మూల కుర్చీలో చదివాను. చదివి ఇంటికెళ్ళి మీ అన్నయ్యతో మామూలుగా మాట్లాడి, పొద్దున మళ్ళీ వచ్చి అదే కుర్చీలో రాస్తున్నాను.

ఆ ఒక్క మాట రాయనన్నావు. నువ్వు రాసినదాంట్లో న్యాయం ఉంది. కానీ న్యాయమున్న వాక్యం వెనక ఏదైనా దాచవచ్చునని నా వృత్తి నాకు నేర్పింది. ఇంతకంటే నిజాయితీగా చెప్పలేను. వదిలేద్దాం.

నేను చెప్పేది విను. ఇల్లు నీ పేరు మీద ఉంది. ఆ పని జరుగుతుందని తెలుసు. ఆ వేళకి నువ్వు అదే ఇంట్లో ఉంటున్నావు, ఉండడమే కాదు, ఆవిడ కోసం ఉంటున్నావు. మీ చట్టానికి ఇంకేం కావాలి? నువ్వు కాపలా అనుకుంటున్నదాన్ని అది నిర్వహణ అంటుంది. ఆ కుట్ల సంచి తీసుకెళ్ళి బల్ల మీద కుమ్మరించి, కస్టమర్లు లేకుండా ఈవిడ దేనికి కుట్టినట్టని అడుగుతారు. బావలాంటివాడు ఇంకొకడు ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి, ఫోను చేస్తే చాలు. ఆగస్టు అటుంచి, మే చూడవు అక్కడ.

కాబట్టి ఇలా చెయ్యి. ఆవిడకి మనుషులొచ్చే వేళ నువ్వు ఇంట్లో ఉండకు. ఉండకపోవడమే కాదు, లేవని నలుగురికీ తెలియాలి. లైబ్రరీకి వెళ్ళు, నిన్ను గుర్తుపట్టే వాళ్ళ ఎదురుగా కూర్చో. మిషను పగలు తొక్కు. ఆవిడతో టీ తాగు, స్నేహం చెయ్యి, స్నేహం నేరమని మీ చట్టంలో ఇంకా రాయలేదు. ఆగస్టు దాటనీ, తర్వాత సంగతి తర్వాత.

పదో తరగతి పరీక్షకి ఏ ప్రశ్న వదిలేయమంటే అది వదిలేశావు, మంచి మార్కులే వచ్చాయి. ఇది కూడా నేను చెప్పినట్టు చెయ్యి.

నీ మేలు కోరే
వదిన


మే 2

వదినకి,

చెప్పినట్టే చేస్తున్నాను. వీధి చివర లైబ్రరీ ఉంది. అక్కడి ఉద్యోగినికి నా మొహం తెలిసిపోయింది, కిటికీ పక్క కుర్చీ నాకని ఉంచుతోంది. నువ్వు కోరినట్టు నేను లేనని నలుగురికీ తెలుసు.

పైనావిడకి చట్టం సంగతి చెప్పాను. అంతా విని, ఇది మీ వదిన దేశపు చట్టమా మన దేశపు చట్టమా అని అడిగింది. మనదే అన్నాను. అయితే మీ వదిన బాగా చదివింది అంది. కోపంగా అనలేదు. ఆ మర్నాడు ఒక పాత రేడియో కొని తెచ్చుకుంది. ఎవరైనా వచ్చినప్పుడు కింద నా గదిలో అది పెట్టి పైకి వెళుతోంది. రేడియోలో మనుషులు మాట్లాడుతుంటే ఇల్లు నిండుగా ఉంటుందని.

పుస్తకాలు చాలా చదువుతున్నాను. ఏదీ గుర్తుండడం లేదు.

ఆ.


మే 17

వదినా,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నిన్న సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేసరికి వీధి తలుపు తీసి ఉంది. కింద రేడియోలో ఎవరో పంటల గురించి మాట్లాడుతున్నారు. ఆవిడ మెట్ల మలుపులో పడి ఉంది. చెయ్యి రెండుచోట్ల విరిగింది, దవడ పక్క ఎముక నలిగింది. ప్రాణానికి భయం లేదన్నారు.

టోపీవాడే. పక్కింటాయన వాడు పరిగెత్తడం చూసి ఫోను చేస్తే వీధి మొగలోనే దొరికాడు. ఆవిడ తనంతట తను మెట్ల మీద జారిందనీ, తను ఆ ఇంటికి రావడం అదే మొదటిసారనీ, ఆవిడెవరో తనకి తెలీదనీ చెబుతున్నాడు.

పోలీసావిడ మర్యాదస్తురాలే. మీరా సమయంలో ఎక్కడున్నారని అడిగింది. లైబ్రరీ అన్నాను. రోజూ అక్కడేనా అంది. అవునన్నాను, ఈ మధ్య రోజూ. మంచిది, అయితే మీకు దీంతో సంబంధం లేదు అని రాసుకుని లేచింది. నువ్వు చెప్పింది అక్షరాలా పనిచేసింది వదినా. చట్టానికి నేనెవరో తెలీదు.

పైనావిడ తరఫు లాయరు తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. వాడు ముందొకసారి వచ్చి బెదిరించాడని చెప్పే మనిషి ఒక్కరుంటే కేసు నిలబడుతుందట. లేకపోతే ఆవిడ మాట ఒకటి, వాడి మాట ఒకటి, ఆవిడ పని తెలిశాక ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదట. వాడు ఆవిడ జుట్టు పట్టుకోవడం చూసింది నేను. దర్జీది లేనప్పుడు వస్తానన్నది విన్నదీ నేనే. అది చెప్పాలంటే ఆ వేళకి నేనెందుకున్నానో, కత్తెరతో ఎందుకెక్కానో, అన్ని సాయంత్రాలు కింద ఏం చేశానో అన్నీ చెప్పాలి. ఇల్లు నా పేరు మీద ఉంది.

ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. నేను మంచం పక్కన కూర్చుంటే, వాచిపోయిన నోటితో, లైబ్రరీలో కొత్త పుస్తకం ఏమన్నా చదివావా అంది.

నేను


మే 19

అమ్మడూ,

నీ మే 2 ఉత్తరం ఇవాళే అందింది. ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను. మూడు నెలలుగా గుండెల మీద కూర్చున్న బండ లేచి వెళ్ళిపోయినట్టుంది. రేడియో ఆలోచన బాగుంది, ఆవిడ తెలివైనది. నువ్వు లేకుండానే పని జరిగిపోతోంది చూశావా, అనవసరంగా ఇన్నాళ్ళూ ఆ గుడ్డ ముక్కల మీద కళ్ళు పాడుచేసుకున్నావు.

పుస్తకాలు గుర్తుండడం లేదంటే మంచివి తీయడం లేదన్నమాట. లావుపాటి నవలలు తియ్యి, ఎక్కువ సేపు కూర్చోవచ్చు.

సంఘం సంగతులు చెప్పనా? మాజీ జడ్జిగారికీ పోలీసు పెద్దాయనకీ ఫ్యాను కింద కుర్చీ దగ్గర పేచీ. జడ్జిగారు మీటింగుకి ముందుగా వచ్చి కండువా వేసి పోతున్నారు. పోలీసాయన ఎరుపు తప్ప ఇంకో రంగు చూడరు. నేను నీలం వైపు మొగ్గుతున్నాను, కొనేవాడికి భయం ఉండాలి కదా. జూన్ ఆఖరుకి ఏదో ఒక రంగు తేల్చి ఒక వాక్యం రాయమన్నారు. రాసేస్తాను. ఈ మధ్య మనసు తేటగా ఉంది.

మీ అన్నయ్య నీకు ఏ రంగు కోటు బాగుంటుందని అడుగుతున్నారు. దర్జీకి కోటు పంపే మనిషిని ఈయన్నే చూశాను.

నిశ్చింతగా ఉన్న
వదిన


జూన్ 1

వదినా,

నీ మే 19 ఉత్తరం వచ్చింది. నా మే 17 ఉత్తరం చేరకముందు రాశావని తెలుసు. తెలిసి కూడా, నువ్వు లేకుండానే పని జరిగిపోతోంది అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. చించుదామనుకున్నాను, చించలేదు.

ఆవిడని ఇంటికి తెచ్చాను. పై గది కాదు, కింద నా మంచం మీదే. కట్టు విప్పలేదు.

నాకొక అనుమానం. అడక్కపోతే మనిద్దరి మధ్యా ఎప్పటికీ ఉండిపోతుంది. ఏప్రిల్లో నన్ను సాయంత్రాలు ఇంట్లో ఉండొద్దన్నావు. అది చట్టం కోసమేనా? లేక పైన ఉన్నది నేనేనని నీలో నువ్వు అనుకుని, చట్టం పేరు చెప్పి నన్నా పని మాన్పించావా? నువ్వు పాఠం చెబుతున్నప్పుడు నీ గొంతు నాకు తెలుసు. ఆ ఉత్తరంలో ఉన్నది ఆ గొంతు కాదు.

విచారణ జూన్ 24న. సాక్ష్యం చెబుతానో లేదో లాయరుకి అంతకుముందే చెప్పాలి. చెబితే ఏమవుతుందో చట్టం నాకు బాగా తెలుసు, నువ్వే నేర్పావు. అందుకని సెక్షన్లు రాయకు. అన్నయ్య పేరూ ఎత్తకు. వెళ్ళాలా వద్దా, ఒక్క మాట రాయి. పోయినసారి నువ్వు చెప్పినట్టు చేశాను కదా. ఈసారీ నువ్వే చెప్పు.

ఆడపడుచు


జూన్ 12

అమ్మడూ,

నీ రెండుత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. ముందు నీ అనుమానం. నువ్వడిగిన రెండూ నిజమే. చట్టం కోసమూ రాశాను, పైన ఉన్నది నువ్వే అయితే ఆ గడపకి నిన్ను దూరం చేద్దామనీ రాశాను. మిషను కథ నమ్మాను, నమ్ముతూనే సగం పక్కన పెట్టుకున్నాను. అందులో దేని పాలు ఎంతో ఇప్పుడు విడదీయడానికి కూర్చుంటే రావడం లేదు. ఆవిడ చేతికి కట్టు పడ్డాక ఆ లెక్క తేలినా తేలకపోయినా ఒకటే. ఇంకో మాట కూడా రాయాలి. ఆ పని చేసేవాళ్ళని చిన్నచూపు చూడకూడదని సంఘంలో గట్టిగా వాదించేది నేనే. నువ్వు కాదని ఒక్క మాట రాయమని బతిమాలిందీ నేనే.

అన్నయ్య పేరు ఎత్తొద్దన్నావు. ఎత్తక తప్పదు, నిన్న ఆయనకి అంతా చెప్పేశాను. మొదటి నుంచీ, పటం రంగుతో సహా. ఇల్లు పీకి పందిరేస్తారనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత, ఆవిడ చెయ్యి అతుక్కుంటుందటా అని అడిగారు. సాక్ష్యం సంగతి చెబితే, వద్దని రాయి, మన పిల్ల అన్నారు. పెరట్లోకి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చి, అలా రాయకు అన్నారు. మరేం రాయమంటారు అంటే, నన్నెందుకు అడుగుతావు, చదువుకున్నదానివి నువ్వు అన్నారు. మీ లెక్కల బావకి మాత్రం ఈయన ఫోను చేసి చెప్పిన మాటలు ఇక్కడ రాయను, నువ్వు వింటే కొంత ఊరట పడేదానివి.

సెక్షన్లు రాయొద్దన్నావు. రాయను. కానీ పటం ముందు నిలబడకుండా ఉండలేకపోయాను. మీ ఇంటిని ఒక్కో రంగులో పెట్టి చూశాను. ఎరుపులో అయితే వాడి మీద ఫిర్యాదు చేయడానికి ఆవిడ నోరే తెరవదు, తెరిస్తే ముందు ఆవిడ లోపలికెళుతుంది. ఆకుపచ్చలో నువ్వు జీతం పుచ్చుకుని కింద కూర్చోవచ్చు, కానీ ఆ లైసెన్సు ఆవిడకి ఎవరిస్తారు, తలుపు మీద పేరు రాసుకోవడానికి ఆవిడ ఒప్పుకుంటుందా? నీలం నాకు నచ్చిన రంగు. అందులో వాడు చెయ్యెత్తకముందే నేరస్థుడు. బాగుంది. కానీ అక్కడ కూడా గది అద్దెకిచ్చినవాళ్ళని పట్టుకునే దేశాలున్నాయి, అక్కడా నువ్వు సాక్ష్యం చెప్పడానికి భయపడతావు. పసుపులో నువ్వు కోర్టుకెళ్ళి చూసింది చూసినట్టు చెప్పి ఇంటికొచ్చి టీ పెట్టుకోవచ్చు. అయితే పసుపే కదా అని రాయబోయాను. ఆ దేశాల వాళ్ళు రాసిన వ్యాసాలే నా ముందున్నాయి. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషికి ఆ చట్టం నీడ దక్కని చోటు కూడా అందులో ఉంది. నువ్వు పరాయి దేశం మనిషివే. ఏ రంగో తేల్చే ఆ ఒక్క వాక్యం రాసి ఇవ్వమని సంఘం అడుగుతోంది. గడువు కావాలన్నాను. జడ్జిగారు విసుక్కున్నారు.

ఇక నువ్వడిగింది.

వెళితే వాడికి శిక్ష పడవచ్చు. పడకపోవచ్చు కూడా, వాడి లాయరు నీ కత్తెరనీ కుట్ల సంచినీ చూపించి నీ మాటని నీ మీదకే తిప్పవచ్చు. నీ ఇల్లు పోవడం మాత్రం దాదాపు ఖాయం, దాంతోపాటు ఆవిడ తల దాచుకున్న మంచమూ పోతుంది. ఇక్కడికొస్తే నీ గది ఉంది, అది అడిగే పని లేదు. కానీ ఆవిడకి ఇక్కడ గది లేదు, రానివ్వరు. వెళ్ళకపోతే ఆగస్టులో నీ అనుమతి వస్తుంది, ఇల్లుంటుంది, ఆవిడ నీ దగ్గరే ఉంటుంది, వాడు వీధిలో తిరుగుతుంటాడు. ఆవిడ నిన్ను ఏమీ అడగదు, ఎప్పటికీ అడగదు. అదెలా భరిస్తావో నాకు తెలీదు.

పోయినసారి నా మాట విన్నావు కదా, ఈసారీ నువ్వే చెప్పమన్నావు. అందుకే చెప్పలేకపోతున్నానని అనుకోకు, అది మళ్ళీ నన్ను నేను కాపాడుకోవడం అవుతుంది. నిజంగానే తెలియడం లేదు. వెళ్ళు అని రాశాను, రాసి చూస్తే దూరాన కూర్చుని నీ బతుకుతో నేను మంచిదాన్ని అనిపించుకుంటున్నట్టుంది. కొట్టేశాను. వద్దు అని రాశాను, ఆవిడ వాచిన నోటితో నన్నే ఏదో అడుగుతున్నట్టుంది. అదీ కొట్టేశాను. ఈ కాగితం అందుకే ఇలా మరకలుగా ఉంది.

ఇప్పుడు బయల్దేరి వచ్చి, 24న కోర్టు మెట్ల మీద నీ పక్కన నిలబడి, నీ చెయ్యి పట్టుకున్నా కూడా, ఆ చేతిని లోపలికి లాగాలో వెనక్కి లాగాలో నేను తేల్చుకోలేను.

వదిన